పేరు పెట్టి చేసిన ప్రార్థన

గుడియాత్తం,
ఫిబ్రవరి 24

ప్రభువునందు ప్రియమైన చెల్లెలు అమ్మణికి, అక్క సుగంతి వందనాలు.

ఉత్తరం చూసి బెదిరిపోకు. ఇక్కడ అందరం క్షేమమే. మా ప్రార్థన సహవాసంలో ఈ ఏడు నలభై దినాల ఉపవాసానికి సెల్‌ఫోను కూడా వదలాలని పాస్టరమ్మ చెప్పింది. "నోరు కట్టుకుంటే సాలదు, యేలు గూడా కట్టుకోవల్ల" అంది. నా ఫోను తీసి బీరువాలో పెట్టేశాను. మీ బావ సామ్యుల్‌తో మాట్లాడదామంటే, ఆయన ఆంబూరు చెప్పుల కంపెనీ నుంచి ఇల్లు చేరి అన్నం తినగానే గురక పెడతాడు. ఇక మిగిలింది నువ్వే. అమ్మ పాటల పుస్తకం ముందు పెట్టి మనిద్దరికీ తెలుగు రాత నేర్పింది కదా, అది ఇప్పుడు పనికొచ్చింది. నివేదను తమిళంలో చదివించామని ఇన్నాళ్ళూ బాధపడేదాన్ని. ఇప్పుడు అదీ మంచిదే అనిపిస్తోంది. మనం ఏం రాసుకున్నా నా కూతురు చదవలేదు.

ల్యాబ్ కోర్సులో చేరిన రోజు నుంచీ దాన్ని నీ ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్నావు. ఆ మేలు మరిచేదాన్ని కాను. కానీ ఒక మాట అడగాలి. మొన్న శనివారం అది తలలో మల్లెపూలతో బస్సు దిగింది. మా సహవాసంలో ఆడవాళ్ళం పూలు పెట్టుకోకూడదని నీకు తెలుసు. "ఎవురే కట్టిచ్చింది?" అన్నాను. "సిన్నమ్మ. నాకు బాగుండాది గదమ్మా?" అంది. బాగానే ఉంది, అదే నాకు ఒళ్ళు మండింది. మధ్యాహ్నం రసం పోస్తే ఒక గుటక వేసి, "సిన్నమ్మ మిరియాలు అప్పటికప్పుడు దంచి ఏస్తాదిమా" అంది. అది పుట్టినప్పటి నుంచీ నేను ఏం దంచి వేశానో దానికి గుర్తు లేదు కాబోలు.

అసూయతో రాస్తున్నానని అనుకోకు. అసూయ పాపమని నాకు తెలియదా? దాని ఆత్మ గురించే నా భయం. మీ ఇంట్లో సాయంత్రం ప్రార్థన జరుగుతోందా? ఆదివారం ఆసుపత్రి డ్యూటీ మాన్పించుకున్నావా? దేవుణ్ణి ముందు పెట్టుకుంటే తక్కినవన్నీ సర్దుకుంటాయి. అక్కను కాబట్టి చెబుతున్నాను.

నీ అక్క,
సుగంతి

*

బాగాయం, వేలూరు,
మార్చి 3

అక్కా,

నీ ఉత్తరం తెచ్చిన పోస్టుమ్యాను మూడుసార్లు నా మొహం వంక చూశాడు. ఈ వీధికి బ్యాంకు కాగితాలు తప్ప మనిషి రాసిన ఉత్తరం వచ్చి ఎన్నేళ్ళయిందో! నేను మాత్రం చదువుకుని తెగ నవ్వుకున్నాను. నువ్వు ఉపవాసంలో కూడా నన్ను తిట్టకుండా ఉండలేవు.

పూల సంగతి నాదే తప్పు. మా సర్చిలో అందరూ పెట్టుకుంటారు, అలవాటుగా కట్టి ఇచ్చాను. ఇకపై ఊరికి వచ్చేటప్పుడు తీయించి పంపిస్తాను. రసం సంగతి మాత్రం నేనేం చేయలేను. మిరియాలు ఆపను.

సాయంత్రం ప్రార్థన ఉంది. నీ అంత పొడుగు కాదు, అన్నం చల్లారేలోగా అయిపోతుంది. ఆదివారం డ్యూటీ వారం విడిచి వారం పడుతుంది. రోగులకు ఆదివారం సెలవు లేదు కదా. డ్యూటీ లేని ఆదివారాలు సండేస్కూలు పిల్లలు నా మీద ఎక్కి దిగుతారు. పిల్లలు పుట్టని నా ఇంటికి ఆ తరగతే పండుగ అక్కా. నివేద కూడా వచ్చి చిన్నవాళ్ళకు పాటలు నేర్పుతోంది. దాని గొంతు అచ్చం నీ గొంతే.

మీ మరిది ఆటోకు ఇప్పుడు శనివారాలే మంచి సవారీలు. పొద్దున్నే పళ్ళికొండ గుడికి జనాన్ని ఎక్కించుకుపోయి, వాళ్ళు దర్శనం చేసుకుని వచ్చేదాకా బయట టీ కొట్టు దగ్గర కూర్చుంటాడు. "రంగనాథుడు నా ఆటో అప్పు కిస్తీ కడతా ఉండాడు" అని ఎగతాళి చేస్తుంటాడు. పాస్టరమ్మతో చెప్పకు, నవ్వదు.

నివేద ఈ శనివారం వస్తుంది. కాస్త నలతగా ఉంది, చూసుకో.

అమ్మణి

*

గుడియాత్తం,
మార్చి 15

చెల్లెలికి,

నలతగా ఉందని రాసి పంపించావు. బస్సు దిగేసరికి ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, గంజి కాచి, తడిగుడ్డ వేసి, కూలికి లుంగీలు మడతపెట్టే పని కూడా మానుకుని పక్కనే కూర్చున్నాను. మధ్యాహ్నం మగతలో పెదవులు కదిలాయి. మంచినీళ్ళేమోనని వంగాను. "సిన్నమ్మా" అంది. మళ్ళీ అంది. "నేనుమా, అమ్మను" అన్నాను. కళ్ళు తెరిచి నన్ను చూసింది, చూసి అటు తిరిగి పడుకుంది.

దాచుకోవడం ఎందుకు, నాకు కడుపు రగిలిపోయింది. కన్నది నేను. రాత్రింబగళ్ళు మేలుకున్నది నేను. జ్వరంలో వచ్చే పేరు నీదా? ఏం మందు పెట్టావు దానికి?

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మీ ఇంటి కోసం విన్నపం పెట్టాను. పాస్టరమ్మ నీ పేరు పెట్టి ప్రార్థించింది. అందరూ కన్నీళ్ళతో ప్రార్థించారు. అంతకంటే మేలు అక్క ఏం చేయగలదు?

వచ్చే నెల నుంచి నివేదను హాస్టల్లో చేర్పిస్తాను. కోపంతో కాదు. దాని మంచికే.

సుగంతి

*

బాగాయం,
ఏప్రిల్ 28

అక్కా,

నీ ఉపవాసం అయిపోయింది, ఫోను బయటికి వచ్చింది, అయినా ఉత్తరమే రాస్తున్నాను. ఇది ఫోనులో చెబితే పక్క గదిలో నివేద వింటుంది. నేను ఏడుస్తాను కూడా.

పోయిన బుధవారం డ్యూటీ ముగించుకుని సర్చిలో స్త్రీల ప్రార్థనకు ఆలస్యంగా వెళ్ళాను. అందరూ మోకాళ్ళ మీద ఉన్నారు, కళ్ళు మూసుకుని. చప్పుడు కాకూడదని చెప్పులు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. పెద్దామె ప్రార్థన చేస్తోంది. "ప్రబువా, నీ బిడ్డ అమ్మణిని తిప్పుకో నాయనా. శనివారం శనివారం మొగుడూ పెండ్లామూ పళ్ళికొండ గుడికి పోతా ఉండారు. ఆదివారం నీ ఇంటికి రాకుండా పనికి పోతా ఉండాది. ఆ యింట్లో ఉండే ఆడబిడ్డను కాపాడు" అంది. అందరూ ఆమేన్ అన్నారు. నాకు అలవాటు కొద్దీ నోట్లోంచి ఆమేన్ వచ్చింది. అప్పుడు కళ్ళు తెరిచి చూశారు.

నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఆదివారం సర్చి పెద్ద ఒకాయన పక్కకు పిలిచి, "పిల్లకాయల తరగతి కొన్నాళ్ళు ఇంకెవురన్నా చూసుకుంటారు. నువ్వు విశ్రాంతి తీసుకోమ్మా" అన్నాడు. సంగతి తేలేదాకా అట. నేను విశ్రాంతి అడగలేదు అక్కా. పిల్లలు తలుపు దగ్గర నుంచి "టీచర్" అని పిలుస్తుంటే తల వంచుకుని వెనక బల్ల మీద కూర్చున్నాను. మీ మరిది ఆ బుధవారం నుంచీ పళ్ళికొండ సవారీలు మానేశాడు. నవ్వడం కూడా మానేశాడు.

ఆ మాట ఎక్కడ పుట్టిందో ఎవరూ చెప్పడం లేదు. నివేద మండిపడుతోంది. "ఎవురు చెప్పినారో తెలిస్తే సాలు సిన్నమ్మా, సచ్చినా ఆ మొగం మళ్ళీ సూడను" అంటోంది. హాస్టలు మాట ఎత్తితే, ఇప్పుడు నన్ను ఒంటరిగా వదిలి పోనని మొండికేసింది. నీకేమైనా తెలుసా? మీ వైపు వాళ్ళకు మా సర్చిలో చుట్టాలున్నారు కదా.

అమ్మణి

*

గుడియాత్తం,
మే 5

ప్రభువునందు మిక్కిలి ప్రియమైన సహోదరి అమ్మణికి,

నీ ఉత్తరం చదివి చాలా దుఃఖపడ్డాను. లోకంలో నింద లేనివాళ్ళు ఎవరు? దేవుడే చూసుకుంటాడు. ఎవరు చెప్పారని వెతకడం కూడా మంచిది కాదు. క్షమించేసెయ్.

నాకేం తెలుసు? మా సహవాసంలో పాపాతి అని ఒకామె ఉంది, నోరు కట్టుకోలేదు. దాని అక్క కూతురు మీ సర్చికే వస్తుంది. ఏమైనా ఆమె ద్వారానే పోయి ఉంటుంది.

ఏది ఏమైనా ఇప్పుడు మీ ఇంటికి ఒక పేరు పడింది. పెళ్ళి కావలసిన పిల్ల అక్కడ ఉండడం బాగుండదు. నువ్వే నచ్చజెప్పి పంపించు. నీ మాటయితే వింటుంది కదా.

నీ కోసం ప్రార్థిస్తూ,
సుగంతి

*

బాగాయం,
మే 19

అక్కకు,

పాపాతి మొన్న మొగుడికి కన్ను చూపించడానికి మా ఆసుపత్రికి వచ్చింది. వరండాలో నన్ను చూసి తనే వచ్చి చెయ్యి పట్టుకుంది. "నీ కోసం నెల దినాలు ఒక పూట మానేసినామ్మా. ఇప్పుడు బాగుండావా? గుడికి పోయేది నిలిపినావా?" అని అడిగింది. ఎవరు చెప్పారన్నాను. వింతగా చూసింది. "మీ యక్కే గదమ్మా! ఏడస్తా చెప్పినాది. 'నా సెల్లెలి మొగుని ఆటో ప్రతి శనివారం పళ్ళికొండ గుడి ముందరే నిలస్తాది, నా బిడ్డ ఆ యింట్లో సిక్కుకొని ఉండాది' అని. ఇంగొక నాలుగు నోళ్ళు ప్రార్థన చేస్తే మంచిదని నేనే మా యక్క కూతురికి చెప్పినా" అంది. ఆమె మొహంలో కల్మషం లేదు. నిజంగానే నా కోసం పస్తు ఉంది పిచ్చిది. దాని మీదికి తోశావా నువ్వు?

ఆటో గుడి ముందు నిలబడుతుంది, నిజమే. నేనే నీకు రాశాను. సవారీలు దింపి టీ కొట్టు దగ్గర కూర్చుంటాడని కూడా రాశాను. ఆ సగం ఎందుకు మింగావు? అబద్ధం ఆడానన్న దోషం లేకుండా నన్ను పడగొట్టాలనుకున్నావు.

దేవుణ్ణి ముందు పెట్టుకోమని నాకు బుద్ధి చెప్పావు. నువ్వు ఆయన్ని ముందు పెట్టింది, ఆయన వెనక నిలబడి నన్ను కొట్టడానికి.

నాకు అసూయ లేదనుకున్నావా? ఆ పిల్ల రోజూ సాయంత్రం ఫోను తీసి "అమ్మా" అంటుంది. ఆ ఒక్క మాటకు నేను వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ గట్టిగా చప్పుడు చేస్తూ కడుగుతాను. నన్ను ఎవరూ ఆ పిలుపు పిలవరు. ఎంత చేసినా నేను సిన్నమ్మనే. జ్వరంలో నా పేరు పలికిందని రాస్తే నా ప్రాణం లేచొచ్చింది. నీ మీద గెలిచానని సంతోషపడ్డాను. చూడు, నేనూ ఏమంత పవిత్రురాలిని కాను. కానీ నీ పేరు పట్టుకెళ్ళి ఎవరి ముందూ పెట్టలేదు.

నివేదకు ఏమీ చెప్పలేదు. చెబితే నిన్ను వదిలేస్తుంది. అది ఎంత మొండిదో నీకు తెలుసు. చెప్పాలని ఎంత నోరు ఊరుతోందో నీకు తెలియదు.

అమ్మణి

*

గుడియాత్తం,
మే 26

అమ్మణీ,

వందనాలు రాయడానికి మొహం చెల్లలేదు.

అంతా నిజమే. ఆ శుక్రవారం విన్నపాలు అడిగినప్పుడు నేను లేవాలని అనుకోలేదు. దాని జ్వరం తగ్గాలని ప్రార్థించమందామనుకున్నాను. లేచాక నోట్లోంచి నీ పేరు వచ్చింది. అందరి మొహాలూ నా వైపు తిరిగాయి, అయ్యో అన్నారు. ఒక్కొక్క అయ్యోకి ఒక్కొక్క మాట కలిపాను. ఆటో మాట చెప్పినప్పుడు టీ కొట్టు నాకు గుర్తుంది. గుర్తుండే ఆపేశాను. తర్వాత అందరూ నీ పేరెత్తి ఏడుస్తుంటే నా కడుపులో మంట చల్లగా దిగిపోయింది. ప్రార్థన వల్ల వచ్చిన శాంతి అనుకున్నాను. అది నువ్వు కిందపడ్డావన్న సంతోషం చెల్లీ. ఇన్నాళ్ళకు దాని పేరు నాకు తెలిసింది.

దొంగతనం చేయను, సినిమా చూడను, పూలు పెట్టను, ఒకరి సొత్తు ముట్టను అని నేను ఎంత మిడిసిపడేదాన్ని! వాకిలి ముందు కాపలా పెట్టుకుని, పెరటి తలుపు బార్లా తీసి ఉంచాను.

నిన్న వాక్యం చదువుదామని కూర్చుంటే అక్షరాలు కనిపించలేదు. నివేద మొహమే కనిపించింది. దేవుడు క్షమిస్తాడని నాకు తెలుసు, అది క్షమిస్తుందని తెలియదు. అందుకే నిజం చెప్పకుండా ఇన్ని దినాలు ఉన్నాను. ఆయనకంటే దానికే ఎక్కువ భయపడ్డాను. అంటే నాకు మొదట ఎవరో నువ్వే చూసుకో.

ఈ ఉత్తరం దానికి చదివి వినిపించు. దానికి తెలుగు రాదు కాబట్టి నువ్వే చదవాలి. ఒక్క మాట కూడా వదలకు. తర్వాత అది ఏం చేస్తే అది.

సుగంతి

*

బాగాయం,
మే 30

అక్కా,

నేను చదవను. నీ తప్పు నా నోటితో చెప్పించి, దాని కోపం మొదటి దెబ్బ నా ఇంట్లో పడాలా? మళ్ళీ అదే పని చేస్తున్నావు. నీ కూతురు, నీ నోరు.

వచ్చే శనివారం పంపిస్తాను. అమ్మ నీతో మాట్లాడాలంటోందని మాత్రం చెప్పాను.

అమ్మణి

*

గుడియాత్తం,
జూన్ 7, శనివారం

అమ్మణీ,

నివేద ఇప్పుడే బస్సెక్కింది.

నిన్న శుక్రవారం ప్రార్థనలో విన్నపాలు అడిగినప్పుడు లేచాను. అక్కడ పేరు పెట్టి చెప్పింది అక్కడే పేరు పెట్టి తిప్పుకోవాలి కదా. నా చెల్లెలు ఏ గుడికీ పోలేదు, ఆమె మొగుడు సవారీలు దింపి టీ కొట్టు దగ్గర కూర్చున్నాడు, అది నాకు తెలిసి కూడా దాచాను, ఎందుకంటే నా కూతురు ఆమెను ఇష్టపడడం ఓర్వలేకపోయాను అన్నాను. ఎవరూ అయ్యో అనలేదు. పాస్టరమ్మ, "సుగంతీ, ఇట్లాంటివి ఒంటిగా వచ్చి చెప్పి ఉండొచ్చు గదా" అంది. "ఆ పొద్దు అందరి ముందర చెప్పినప్పుడు నన్ను ఎవురూ నిలపలేదు గదమ్మా" అన్నాను. ఆమె తల దించుకుంది. పాపాతి వచ్చి నా పక్కన కూర్చుంది. రేపటి ఆరాధన కాగానే పాస్టరమ్మ నాతో కలిసి మీ సర్చికి వస్తానంది. మీ పెద్దల ముందు కూడా నేనే చెబుతాను. ఆ తరగతి నీకు తిరిగి ఇచ్చేదాకా అక్కడి నుంచి కదలను.

అదంతా సులువు. ఈ రోజుది కాదు.

నివేద వచ్చింది. అన్నం పెట్టబోయి, తిన్నాక చెబుదామనుకున్నాను. తిన్నాక చెబితే ఆ అన్నం కూడా మోసమే అనిపించింది. నిలబడే చెప్పాను. ఒక్క మాట వదల్లేదు. అది అరుస్తుందనుకున్నాను. అరవలేదు. గోడకు ఆనుకుని నిలబడి, "అమ్మా, నా పేరు గూడా పెట్టినావా ఆడ?" అంది.

దానికి ఆ సంగతి తెలియదు, నీకూ తెలియదు. పోయినేడు మా వీధి మలుపులో ఎవరో అబ్బాయితో మాట్లాడుతుంటే చూశాను. దానితో చదువుకున్నవాడే, ఏదో పుస్తకం అడుగుతున్నాడు. అయినా నా బిడ్డ మనసు చెదరకూడదని ప్రార్థన పెట్టించాను, పేరు చెప్పి.

లేదు అంటే అయిపోయేది. నా ముందు నిలబడి ఉంది, కళ్ళలో నీళ్ళు, లేదని చెప్పమని అడుగుతున్నట్టే చూసింది. ఆ ఒక్క అబద్ధం చెబితే నా బిడ్డ నాకు మిగిలేది. దాని వెనక గోడకు సిలువ పటం ఉంది, ఆ పటం వంక నేను చూడలేదు. నివేద మొహమే చూస్తూ, "పెట్టినానుమా" అన్నాను.

"అందుకేనా వాళ్ళంతా నన్ను అట్లా సూసేది?" అంది. "అవునుమా" అన్నాను. "నువ్వు నాతో ఒక మాట అడిగి ఉండొచ్చు గదమ్మా. దేవునికి చెప్పే ముందర కాదులే, వాళ్ళకు చెప్పే ముందరైనా" అంది. సంచి తీసుకుంది. నేను ఆపలేదు. బస్సు స్టాండు దాకా వెనకే నడిచాను. మళ్ళీ ఎప్పుడొస్తావని అడగడానికి నోరు రాలేదు, అదీ చెప్పలేదు. బస్సు కదిలేటప్పుడు నా వైపు చూసిందో లేదో, ఎండ అద్దం మీద పడి నాకు కనిపించలేదు.

ఇల్లు చేరి మోకరించాను. పేరు పెట్టి చెప్పడానికి నా పేరు తప్ప ఇంకొకటి దొరకలేదు.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి అది నీ ఇంట్లో ఎన్ని పూటలు తిని ఉంటుందో. అందుకే ఇంకాసేపట్లో ఫోను చేసి రెండు ముక్కలు చెబుతాను, తిట్టకుండా విను. నీ ఒళ్ళో తలపెట్టి ఏడుస్తుంది, ఏడవనివ్వు. నా మీద ఏం చెప్పినా అడ్డుపడకు. అది నీ దగ్గరికే వస్తోందని నాకు ఇప్పటికీ కడుపు మండుతోంది అమ్మణీ, ఆ మంటతోనే చెబుతున్నాను. ఇక్కడ ఏమీ తినకుండా పోయింది. మిరియాలు దంచి వేసి, వేడిగా రసం పెట్టు.

సుగంతి